ఆటిజం ఉన్న బిడ్డకు మన మండలంలోనే బడి, సాయం వెతుక్కోవడం ఎలా

మీ బాబుకో పాపకో ఆటిజం అని డాక్టరు చెప్పి పది రోజులు కూడా కాలేదంటే, ముందు ఒక్క మాట వినండి. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని మకాం మార్చేద్దామని రాత్రికి రాత్రే నిర్ణయం తీసుకోకండి. మేం అదే చేశాం. మాది పల్నాడు వైపు ఒక మండల కేంద్రం, మావారి పొలం, ఎరువుల కొట్టు అన్నీ అక్కడే. నేనూ మూడున్నరేళ్ల బాబూ సికింద్రాబాద్‌లో ఒక్క గదిలో పద్నాలుగు నెలలు ఉన్నాం. రోజుకు ముప్పావుగంట థెరపీ, మిగతా టైమంతా నాలుగు గోడల మధ్య వాడూ నేనూ. నాయనమ్మ లేదు, వీధిలో పిల్లలు లేరు, వాడికి ప్రాణమైన చేతిపంపు లేదు. తిరిగొచ్చిన చాలా రోజులకు తెలిసింది, మా ఇంటికి కిలోమీటరున్నర దూరంలో, హైస్కూలు ఆవరణలోనే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉందని. కూరగాయలకు వెళ్తూ ఆ గోడ పక్కనుంచే రోజూ నడిచేదాన్ని. ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు.

పెద్ద ఊరు అవసరం లేదని కాదు. పరీక్ష చేయించడానికి, ఏడాదికి ఒకటి రెండుసార్లు సలహా తీసుకోవడానికి వెళ్లాల్సిందే. కానీ బిడ్డ రోజూ నేర్చుకోవాల్సింది ఇంట్లో, వీధిలో, ఊళ్లో బడిలో. కాబట్టి ముందు దగ్గర్లో ఏముందో వెతకండి. దానికి ఏ పేరు పెట్టి ఎవరిని అడగాలో తెలియాలి, అదే కింద రాస్తున్నాను.

ముందు చూపించడం

ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డ పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, కావలసినది వేలితో చూపించకుండా మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం, వచ్చిన నాలుగు మాటలూ పోవడం, చెప్పులో మూతలో వరుసగా పేర్చి ఎవరైనా కదిపితే గుక్కపట్టి ఏడవడం, ఇలాంటివి కనిపిస్తే ఆగకండి. 'మగపిల్లలకు మాటలు లేటే', 'వాళ్ల మేనమామ నాలుగేళ్లకు గానీ నోరు విప్పలేదు' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట నమ్మి మేం ఒక ఏడాది పోగొట్టుకున్నాం. ముందు చెవుల పరీక్ష చేయించండి, ఎందుకంటే వినికిడి లోపం ఉన్నా పిల్లలు పిలుపుకు పలకరు, ఆ సంగతి మొదటే తేలిపోవాలి. పదహారు నుంచి ముప్పై నెలల పిల్లలకు ఎంచాట్ అని ఇరవై ప్రశ్నల జాబితా ఉంది, పిల్లల డాక్టరును అడిగితే పది నిమిషాల్లో చేసేస్తారు. అది ఖాయంగా చెప్పే పరీక్ష కాదు, ఇంకా లోతుగా చూడాలా వద్దా అన్నది మాత్రం చెబుతుంది.

డబ్బు ఖర్చు లేని దారి ఇది: మీ అంగన్‌వాడీ టీచరునో ఆశా వర్కరునో కలిసి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్ ఎప్పుడొస్తుందో అడగండి. 2013లో మొదలైన కేంద్ర పథకం అది, పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను చూస్తారు. అనుమానం ఉంటే డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకుని సాయం చేసే జిల్లా స్థాయి కేంద్రం ఉంటుంది, దానికి రాసిస్తారు. చాలాచోట్ల అది జిల్లా ఆసుపత్రిలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో ఉంటుంది, ఎవరూ పంపకపోయినా మీరే నేరుగా వెళ్లొచ్చు. పిల్లల డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు లాంటి వాళ్లంతా ఒకే చోట ఉండాలని దాన్ని పెట్టారు. అన్ని జిల్లాల్లో అన్ని పోస్టుల్లో మనుషులు ఉండరు, కాబట్టి వెళ్లే ముందు స్పీచ్ థెరపిస్టు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుని వెళ్లండి, లేకపోతే బస్సు చార్జీలు దండగ.

ఇంకా వివరంగా చూపించుకోవాలంటే సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాతవాళ్లు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే ఇసా స్కేలును తయారుచేసింది కూడా ఈ సంస్థే. అక్కడే స్పెషల్ స్కూలు, చిన్నపిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్, అంటే చిన్న వయసులోనే సాయం మొదలుపెట్టే కేంద్రం కూడా ఉన్నాయి. నెల్లూరు వైపు వాళ్లకు అదే శాఖ కింద నెల్లూరులో సీఆర్‌సీ అనే ప్రాంతీయ కేంద్రం ఉంది. విశాఖ వాళ్లు లెబెన్‌షిల్ఫె అనే స్వచ్ఛంద సంస్థ గురించి విచారించండి.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఒక పని మర్చిపోకుండా చేయండి. కొత్త చోట పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు, మావాడు డాక్టరు గదిలో అరగంట సేపు ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు, అంతే. అందుకని ఇంట్లో ఫోన్‌తో చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి: అన్నం తినేటప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, వేరే పిల్లలు వచ్చినప్పుడు, కుక్కర్ విజిల్ వేసినప్పుడు. ఒక్కోటి రెండు నిమిషాలు చాలు. నేను గంటసేపు చెప్పినా అర్థం కానిది డాక్టరుకు ఆ కుక్కర్ విజిల్ వీడియోతో అర్థమైంది.

కాగితాలు

బిడ్డకు వికలాంగుల సర్టిఫికెట్ తీసుకోవడానికి మనసు ఒప్పదు. 'రేపు పెళ్లప్పుడు ఎలా' అని మా అత్తగారు రెండు రోజులు అన్నం తినలేదు. కానీ ఆ కాగితం లేకుండా ఏ ఆఫీసులోనూ పని జరగదు. దాన్ని బిడ్డ మీద వేసిన ముద్ర అనుకోకండి, రేషన్ కార్డు లాగా బీరువాలో ఉంటుంది, కావలసినప్పుడు తీస్తాం. అంతే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం అందులో ఒకటి. మన రెండు రాష్ట్రాల్లో అందరూ దీన్ని సదరం సర్టిఫికెట్ అంటారు. మీసేవలోగానీ ఆంధ్రాలో అయితే సచివాలయంలోగానీ వెళ్లి స్లాట్ గురించి అడగండి. వాళ్లిచ్చిన తేదీకి ఆసుపత్రికి బిడ్డను తీసుకెళ్లాలి. యూడీఐడీ అని దేశమంతా చెల్లే కార్డు కూడా వస్తుంది, వేరే రాష్ట్రంలో పనిచేసుకునే మనవాళ్లకు అదే ముఖ్యం. సర్టిఫికెట్‌లో రెండు చూసుకోండి. ఒకటి, వైకల్యం పేరు దగ్గర ఆటిజం అని ఉందా, ఇంకేదైనా రాశారా. రెండు, శాతం. నలభై, ఆ పైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. చిన్నపిల్లలకు తాత్కాలికంగా ఇస్తుంటారు, గడువు తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. స్లాట్ రోజున బిడ్డకు ఇష్టమైన తిండి, నీళ్లు, ఒక బొమ్మ, వీలైతే చెవులకు పెట్టే హెడ్‌ఫోన్ పట్టుకెళ్లండి, ఆ వరండాలో గంటలు గంటలు పడుతుంది.

సర్టిఫికెట్ వచ్చాక పింఛనుకు దరఖాస్తు పెట్టండి. దివ్యాంగులకు ఆంధ్రాలో 2024 జూలై నుంచి నెలకు 6000, తెలంగాణలో 2023 నుంచి 4016 ఇస్తున్నారు. అర్హత షరతులు ఉంటాయి, అవి సచివాలయంలోనో ఎంపీడీవో ఆఫీసులోనో కనుక్కోండి. ఉద్యోగస్తులకు ఇన్‌కమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో 80డీడీ కింద 75,000, తీవ్రమైన వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది.

నిరామయ గురించి మాత్రం తప్పకుండా తెలుసుకోండి, ఎందుకంటే ఆసుపత్రుల్లో కూడా దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నడిచే ఆరోగ్య బీమా ఇది. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, చేర్చుకునే ముందు వైద్య పరీక్షలు చేయరు, వయసు అడ్డం రాదు, ఆసుపత్రిలో చేరితేనే కాకుండా థెరపీ బిల్లులకు కూడా కొంత పరిమితి వరకు వస్తుంది. కట్టేది వందల్లోనే. మీ జిల్లాలో నేషనల్ ట్రస్ట్ గుర్తింపు ఉన్న సంస్థ ద్వారా చేరొచ్చు. ప్రతి థెరపీ బిల్లూ, ప్రిస్క్రిప్షన్ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఏడాదికోసారి రెన్యువల్ చేయించడం మర్చిపోతే మాత్రం ఏమీ రాదు.

బడి

ఇక్కడ అందరికీ టెన్షన్. మాకు కూడా ఒక ప్రైవేటు బడిలో మూడు నెలలు ఉంచుకుని, 'మిగతా పేరెంట్స్ అభ్యంతరం చెబుతున్నారండీ' అని చేతిలో టీసీ పెట్టారు. ఆ రోజు తెలియనిది ఇప్పుడు తెలుసు: ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడి అయినా వైకల్యం ఉందని వివక్ష చూపకుండా చేర్చుకోవాలని 2016 చట్టం చెబుతుంది. వైకల్యం నలభై శాతం, ఆ పైన ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు, దగ్గరలోని బడిలోగానీ, కావాలంటే స్పెషల్ స్కూల్లోగానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కాబట్టి ఎవరైనా 'కుదరదు' అంటే గొడవపడకండి, ఏడవకండి, 'ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్' అని నిదానంగా అడగండి. చాలామంది అక్కడే మెత్తబడతారు. మీ దరఖాస్తు కూడా కాగితం మీదే ఇచ్చి, జిరాక్స్ మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. అప్పటికీ కాకపోతే మండల విద్యాధికారి అంటే ఎంఈఓ, తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. దివ్యాంగుల కోసం రాష్ట్ర కమిషనర్ అని ఒకరు ఉంటారు, ఫిర్యాదు అక్కడికీ పంపొచ్చు.

భవిత కేంద్రం గురించి చెప్పాలి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో నడుస్తాయి, ఎక్కువగా మండల కేంద్రంలోని ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలో ఒకటి రెండు గదులు. ఎంఈఓ ఆఫీసుకు వెళ్లి 'మన మండలం ఐఈఆర్‌పీ టీచర్ ఎవరండీ, భవిత సెంటర్ ఎక్కడుంది' అని అడగండి, ఈ రెండు మాటలూ ఇలాగే అడగండి. ఐఈఆర్‌పీ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచరు. ఫీజు లేదు. ఫిజియోథెరపిస్టు కూడా వారంలో కొన్ని రోజులు వస్తుంటారు. రాకపోకల చార్జీలకు, తోడు వచ్చేవాళ్లకు కొంత అలవెన్సు, ఆడపిల్లలకు స్టయిపెండు ఉంటాయి, వాటి కోసం బిడ్డ పేరు బడిలో ప్రత్యేక అవసరాల పిల్లల లెక్కలో నమోదై ఉండాలి. హెడ్మాస్టరుతో ఆ నమోదు జరిగిందో లేదో కళ్లతో చూసుకోండి. కదల్లేని పిల్లలకు ఇంటికే వచ్చి చెప్పే ఏర్పాటు ఉంది.

ఆ టీచర్లు అన్ని రకాల వైకల్యాల పిల్లలనూ చూడాలి, అందరికీ ఆటిజంలో ప్రత్యేకమైన ట్రైనింగ్ ఉండదు. మా టీచరమ్మ కూడా మొదటి రోజే 'నాకు ఇలాంటి పిల్లలు కొత్తమ్మా, మీరు నాకు నేర్పండి' అన్నారు. ఆ మాట అన్న మనిషి చేతిలో బిడ్డను పెట్టడానికి నాకు భయం వేయలేదు. వాడు గదిలో అందరి చెప్పులూ వరుసగా పేరుస్తుంటే ఆమె ఆపలేదు. పక్కన కూర్చుని, ఒక చెప్పు చేతిలో పట్టుకుని, వాడు తనవైపు చూసేదాకా ఆగి, చూశాక 'ఇదిగో' అని ఇచ్చారు. మళ్లీ ఇంకోటి. పదకొండో రోజు వాడే చెయ్యి చాపి 'ఇగో' అన్నాడు. వేలకు వేలు పోసినచోట రాని మాట అది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు.

మామూలు బడా, స్పెషల్ స్కూలా అని అడుగుతారు. నా అభిప్రాయం చెబుతాను. బిడ్డ ఒకచోట కాసేపు కూర్చోగలిగి, టాయిలెట్‌కు చెప్పగలిగి, పిల్లల గోల కొంత తట్టుకోగలిగితే ఊళ్లోని మామూలు ప్రాథమిక పాఠశాల, దానికి తోడు భవిత. పిల్లలు తక్కువున్న ప్రభుత్వ బడి, నలభై మందిని కుక్కిన పెద్ద పేరున్న బడి కంటే మేలు. కుదరకపోతే స్పెషల్ స్కూలు, అందులో తప్పేమీ లేదు, కొందరు పిల్లలు అక్కడే విచ్చుకుంటారు. చూడ్డానికి వెళ్లినప్పుడు ముందే చెప్పకుండా వెళ్లండి, తరగతి నడుస్తున్నప్పుడు అరగంట కూర్చోనివ్వమని అడగండి, కూర్చోనివ్వకపోతే అక్కడ చేర్పించకండి. పిల్లలకు టీచర్లు ఎందరని లెక్కపెట్టండి. స్పెషల్ టీచర్ ఒక్కరికి ఆటిజం ఉన్న పిల్లలు ఐదుగురు మించకూడదన్నది 2021లో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క.

బడిలో చేర్చాక టీచరుకు ఒక్క పేజీ రాసివ్వండి: బిడ్డకు ఏది ఇష్టం, దేనికి భయపడతాడు, భయపడితే ఏం చేయాలి, టాయిలెట్ వస్తే ఎలా చెబుతాడు. మావాడికి బడి గంట మోగితే చెవులు మూసుకుని పరుగెత్తే అలవాటు. గంట కొట్టే అటెండరు అంకుల్ రెండు నిమిషాల ముందు వచ్చి వాడికి వేళ్లతో సైగ చేయడం మొదలుపెట్టాక ఆ పరుగు ఆగిపోయింది. తర్వాత కొన్నాళ్లకు గంట కొట్టేది మావాడే.

పరీక్షల దగ్గరకొచ్చేసరికి, రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం, రెండో మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి చట్టంలోనే ఉన్నాయి. తొమ్మిదో తరగతి నుంచే హెడ్మాస్టరుతో మాట్లాడి పెట్టుకోండి, పదో తరగతి ఫీజు కట్టే రోజున అడిగితే ఆలస్యమైపోతుంది. బడిలో నెగ్గుకురాలేని పిల్లలకు ఓపెన్ స్కూల్ ఉంది. కేంద్ర సంస్థ ఎన్ఐఓఎస్‌లో పద్నాలుగేళ్లు నిండినవాళ్లు పదో తరగతి తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు, ఐదు సబ్జెక్టులు చాలు, ఐదేళ్లలో ఒక్కొక్కటిగా పాస్ అవ్వొచ్చు, పెయింటింగ్, హోమ్ సైన్స్ లాంటివి తీసుకోవచ్చు. రెండు రాష్ట్రాలకూ సొంత సార్వత్రిక విద్యాపీఠాలు కూడా ఉన్నాయి.

థెరపీ సెంటర్‌కు డబ్బు కట్టే ముందు

ఒక సెంటర్‌లో 'ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం' అని లక్ష దాకా ముందే కట్టించుకున్నారు. నాలుగో నెలలో థెరపిస్టు మారింది, ఐదో నెలలో ఇంకొకరు, అడిగితే డబ్బు వెనక్కి రాదన్నారు. ఆటిజం జ్వరం కాదు తగ్గిపోవడానికి. నేర్పితే నేర్చుకుంటారు, బాగా నేర్చుకుంటారు, కానీ నయం చేస్తామన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. నెల నెలా కట్టే చోటే చేర్చండి. స్పెషల్ టీచర్, స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడగడానికి మొహమాటపడకండి, ఆ నంబరును ఆర్‌సీఐ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. తల్లిదండ్రులను గది బయటే కూర్చోబెట్టి తలుపు వేసే చోటు వద్దు. ఈ రోజు ఏం చేశారు, ఇంట్లో నేనేం చేయాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు రావాలి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల జోలికి అసలు పోకండి, ఆటిజానికి అవి వద్దని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. పొలం అమ్మి చేయించినవాళ్లను చూశాను.

ఇంకోటి, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటారు, ఇక్కడా అంటారు, అమెరికాలో ఉండే మనవాళ్లకూ అంటారు. వినకండి. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాటలు వెనకబడవని పరిశోధనలు చెబుతున్నాయి. నాయనమ్మతో ఇంగ్లీషులో మాట్లాడమంటే బిడ్డ అసలు ఎవరితో మాట్లాడాలి? చిన్న వాక్యాలు, ఒకే మాట ఒకేలాగా, బిడ్డ చూస్తున్న వస్తువు గురించే చెప్పండి. అమెరికాలో ఉన్నవాళ్లు మూడేళ్లలోపు బిడ్డకు రాష్ట్ర ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు, మూడేళ్లు దాటితే మీ ఇంటి పరిధిలోని పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా కాదు. అక్కడ చట్టం ప్రకారం ఉచితంగా పరీక్షించి, అర్హత ఉంటే ఐఈపీ, అంటే ఆ బిడ్డ కోసమే తయారుచేసే చదువు ప్రణాళిక రాయాలి, మీటింగ్‌లో తెలుగు దుబాసీ కావాలని కూడా అడగొచ్చు.

పిల్లలు పెద్దవుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక: పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులు దానంతటదే చట్టపరమైన సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, గార్డియన్‌షిప్‌కు అక్కడ దరఖాస్తు పెట్టాలి. పుట్టినరోజు దాటాక బ్యాంకులోనో రిజిస్ట్రార్ ఆఫీసులోనో పని ఆగిపోయాక పరుగెత్తకండి.

చివరిగా మనుషులు. భవితకు వెళ్లిన మొదటి వారంలోనే అక్కడి తల్లుల ఫోన్ నంబర్లు తీసుకోండి. మా మండలంలో మేం ఆరుగురం. సదరం స్లాట్లు ఎప్పుడు తెరిచారో, డీఈఐసీలో స్పీచ్ మేడం ఏ రోజున వచ్చారో, ఏ బార్బర్ మిషన్ పెట్టకుండా కత్తెరతోనే ఓపిగ్గా క్రాపు చేస్తాడో మాకు ముందు ఒకరి నుంచి ఒకరికే తెలుస్తుంది. ఎవరికైనా జ్వరమొస్తే ఇంకొకరు వాళ్ల బిడ్డను తీసుకెళ్లి తీసుకొస్తారు. రాత్రి పదకొండుకు నిద్రపోని పిల్లాడిని ఎత్తుకుని అరుగు మీద తిరుగుతున్నప్పుడు ఫోన్ చేస్తే ఎత్తేది కూడా వాళ్లే. మీకు నిద్ర పట్టక, గుండె బరువెక్కి ఎవరితోనూ చెప్పుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రేపు ఉదయం పదిన్నరకు బిడ్డ ఆధార్, మీ ఆధార్, డాక్టరు రాసిన చీటీ, రెండు ఫోటోలు ఒక కవర్లో పెట్టుకుని ఎంఈఓ ఆఫీసుకు వెళ్లండి. 'మన మండలం ఐఈఆర్‌పీ టీచర్ ఎవరండీ?'